మరిగే నీళ్లలో కాపురం: యెల్లోస్టోన్‌లో అయిదు రోజులు

మొదటి రోజు

సెప్టెంబర్ చివరి వారం. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కు పక్కనున్న వెస్ట్ యెల్లోస్టోన్ ఊళ్లో తెల్లవారుజామున కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతూ తమ్ముడు అడిగాడు, "అక్కా, ముందు ఎక్కడికి? ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కేగా?"

"కాదురా. ముందు మష్రూమ్ స్ప్రింగ్ దగ్గరికి."

ఫోన్‌లో దింపుకున్న పార్కు మ్యాప్‌లో ఆ పేరు రెండుసార్లు వెతికాడు. దొరకలేదు. దొరకదని నాకు ముందే తెలుసు. అదొక వేడినీటి బుగ్గ. టూరిస్టుల కోసం అక్కడ చెక్కదారి వెయ్యలేదు, దిగి దగ్గరికి వెళ్లే వీలు లేదు. అయినా ఈ ప్రయాణం మొత్తం దానికోసమే పెట్టుకున్నాను.

నేను పదకొండేళ్లుగా ఒక ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్షలు చేస్తున్నాను. పీసీఆర్ అంటే చిటికెడు డీఎన్‌ఏని కోట్ల కాపీలు చేసే పద్ధతి. డీఎన్‌ఏ రెండు పోగుల తాడు. దాన్ని 95 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే పోగులు విడిపోతాయి. కొంచెం చల్లార్చి, ఒక్కో పోగు పక్కన కొత్త పోగు అల్లించాలి. మళ్లీ వేడి, మళ్లీ అల్లిక, ఇలా ముప్ఫై నలభై సార్లు. అల్లే పని చేసేది పాలిమరేజ్ అనే ఎంజైమ్. 1983లో కేరీ మలిస్ ఈ ఆలోచన చేసినప్పుడు వాడిన ఎంజైమ్ ఆ వేడికి ప్రతిసారీ పాడయ్యేది. ప్రతి విడతలో ట్యూబు మూత తీసి కొత్తగా పోయాల్సి వచ్చేది. తర్వాత మరిగే వేడికి చెక్కుచెదరని ఎంజైమ్ ఒకటి చేతికొచ్చింది. దాని పేరు టాక్. అప్పటినుంచి ట్యూబు మూత తియ్యక్కర్లేదు, మెషీన్ దాని పని అది చేసుకుపోతుంది. మలిస్‌కి 1993లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

కోవిడ్ రోజుల్లో రాత్రి పన్నెండింటికి కూడా మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్ తెరిచి ఆ చిన్న ట్యూబులు బయటికి తీసేదాన్ని. ఎన్ని వేలసార్లు తీశానో లెక్కలేదు. ఒక రాత్రి ఫ్రీజర్ తలుపు పట్టుకుని నిలబడి, ఇది అసలు ఎక్కడ పుట్టిందో ఒక్కసారైనా వెళ్లి చూడాలి అనుకున్నాను. అది మనసులో అలాగే ఉండిపోయింది.

మాడిసన్ కూడలి దాటి ఫైర్‌హోల్ నది పక్కన దక్షిణానికి వెళ్లాం. నది మీద ఆవిరి, ఒడ్డున గడ్డి మీద తెల్లటి మంచు. ఫైర్‌హోల్ లేక్ డ్రైవ్ అని అయిదు కిలోమీటర్ల వన్‌వే రోడ్డు ఉంది. గ్రేట్ ఫౌంటెన్ గీజర్ దగ్గర కారు ఆపించాను. నేలలోంచి వేడినీళ్లు ఉండుండి పైకి చిమ్మే చోటుని గీజర్ అంటారు. మేం వెళ్లినప్పుడు అది నిద్రపోతోంది. నాకు కావాల్సింది దాని అవతల ఉన్న మైదానం. అక్కడక్కడా తెల్లటి ఆవిర్లు లేస్తున్నాయి. వాటిలో ఏది మష్రూమ్ స్ప్రింగ్‌దో వేలుపెట్టి చూపించలేను. కానీ అది ఆ చుట్టుపక్కలే.

1966లో ఇండియానా యూనివర్సిటీ నుంచి థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త, హడ్సన్ ఫ్రీజ్ అనే డిగ్రీ విద్యార్థి ఆ బుగ్గ నుంచి నమూనా తీసుకెళ్లారు. ల్యాబ్‌లో 70 డిగ్రీల దగ్గర పెట్టి పెంచితే పసుపు రంగు బాక్టీరియా ఒకటి పెరిగింది. దానికి థర్మస్ అక్వాటికస్ అని పేరుపెట్టి 1969లో ప్రచురించారు. ఎవరైనా తెప్పించుకుని పని చేసుకునేలా దాన్ని సూక్ష్మజీవుల్ని భద్రపరిచే భాండాగారంలో దాచారు. 1976లో మరో బృందం దానినుంచి డీఎన్‌ఏ పాలిమరేజ్‌ని వేరుచేసింది. అదే టాక్. పేరులో మొదటి అక్షరం థర్మస్‌ది, మిగతావి అక్వాటికస్‌వి.

బ్రాక్ దీనితో ఏదో తయారుచెయ్యాలని రాలేదన్న విషయం నాకు చాలా ముఖ్యం. వేడి బుగ్గల్లో ఏ జీవులు, ఏ వేడి దగ్గర, ఎలా బతుకుతున్నాయో తెలుసుకుందామని వచ్చాడు, అంతే. ఆ కుతూహలానికి ఎవరో డబ్బిచ్చారు, ఎవరో అనుమతిచ్చారు. నా పదకొండేళ్ల ఉద్యోగం దానిమీద నిలబడి ఉంది.

తమ్ముడు ఆవిరి వైపు చూస్తూ అడిగాడు, "అంత వేడిని అవి ఎలా తట్టుకుంటాయి అక్కా?"

ఆ మాట దగ్గరే నాకు పేచీ. థర్మస్‌కి హాయిగా ఉండే వేడి 70 డిగ్రీలు. 40కి తగ్గితే పెరగడమే మానేస్తుంది. మనకు హాయిగా ఉండే గది దానికి చలి. మనం 37 డిగ్రీల శరీరంతో తిరుగుతూ, "ఇంత చల్లదనాన్ని వీళ్లెలా తట్టుకుంటున్నారో" అని థర్మస్ అనుకుంటే మనకెలా ఉంటుంది? తట్టుకోవడం వేరు, అక్కడే కాపురం పెట్టి పిల్లా జెల్లాతో పెరగడం వేరు. ఈ తేడా అయిదు రోజులూ తమ్ముడికి చెబుతూనే ఉన్నాను.

రోడ్డు మీదినుంచే దణ్ణం పెట్టుకున్నాను. దిగలేదు. ఈ పార్కులో చెక్కదారి దాటితే కింద నేల ఎంత మందమో ఎవరికీ తెలియదు. పైన పెంకులా ఉంటుంది, కింద మరిగే నీళ్లుంటాయి. ఈ బుగ్గల్లో పడి ఇప్పటిదాకా 20 మందికి పైగా చనిపోయారు. పరిశోధకులు కూడా పర్మిట్ లేకుండా చెంచాడు నీళ్లు తీసుకెళ్లడానికి వీల్లేదు.

సాయంత్రం ఫౌంటెన్ పెయింట్ పాట్ దగ్గర కుతకుతలాడే బురద గుంటలు చూశాం. అక్కడా సూక్ష్మజీవుల చెయ్యి ఉంది. నేలలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుని అవి గంధకామ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం రాతిని కరిగించి బంకమట్టి చేస్తుంది. పక్కనే సన్నటి వేడి కాలువ అంచున సూక్ష్మజీవులు అల్లుకున్న నారింజ రంగు పొర మీద నల్లటి చిన్న ఈగలు గుంపుగా వాలి ఉన్నాయి. వీటిని ఎఫిడ్రిడ్ ఈగలంటారు. అవి ఆ పొరనే తింటాయి, దానిమీదే గుడ్లు పెడతాయి. వాటిని పట్టడానికి సాలీళ్లు కాచుకుని ఉంటాయి. కిల్‌డీర్ అనే పిట్ట వచ్చి రెండింటినీ ఏరుకుంటుంది. ఇదంతా మూరెడు వెడల్పు కాలువ దగ్గర జరిగే సంసారం. చీకటి పడేదాకా అక్కడినుంచి కదల్లేదు.

రెండో రోజు

పొద్దున ఎనిమిదింటికే మిడ్‌వే గీజర్ బేసిన్‌కి వెళ్లడం పొరపాటు. చలిలో ఆవిరి దట్టంగా లేచి, గ్రాండ్ ప్రిస్మాటిక్ స్ప్రింగ్ మొత్తం తెల్లటి గోడలా ఉంది. కళ్లజోడు మీద చెమ్మ. ఇక్కడి నీటి తుంపరలో సిలికా ఉంటుంది, అద్దం మీద ఎండితే మరక పోదు. తడిగా ఉన్నప్పుడే తుడుచుకోవాలి.

మధ్యాహ్నం మళ్లీ వెళ్లాం. వంతెన దాటి ఎక్కుతుంటే ఎక్సెల్సియర్ గుంట నుంచి నిమిషానికి 15 వేల లీటర్ల వేడినీళ్లు పసుపు, నారింజ చారలు గీసుకుంటూ ఫైర్‌హోల్ నదిలోకి జారుతున్నాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే గ్రాండ్ ప్రిస్మాటిక్. దాదాపు 113 మీటర్ల వెడల్పు. అమెరికాలో ఇంత పెద్ద వేడినీటి బుగ్గ ఇంకోటి లేదు. 1871లో హేడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త సర్వే బృందం దీనికి ఈ పేరు పెట్టింది.

దగ్గరినుంచి చూస్తే రంగులు ముక్కలు ముక్కలుగా కనబడతాయి. మొత్తం చూడాలంటే ఫెయిరీ ఫాల్స్ దారిలో కిలోమీటరు పైన నడిచి, కొండ వాలు మీదున్న వ్యూపాయింట్‌కి ఎక్కాలి. ఎక్కాం. ఫొటోల్లో వందసార్లు చూసిందే. అయినా మాట రాలేదు.

ఆ రంగులు ఒక థర్మామీటర్. నడిమధ్య నీలం. అక్కడ నీళ్లు 87 డిగ్రీల దాకా ఉంటాయి. లోతైన, తేటైన నీరు ఎరుపుని మింగేసి నీలాన్ని వెదజల్లుతుంది కాబట్టి ఆ రంగు. అక్కడ జీవమే లేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఎండని తిని బతికే జీవులు మాత్రం లేవు. కిరణజన్య సంయోగక్రియ 73 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఆ గీత దాటి ఆకుపచ్చ వ్యవహారం నడిపే జీవి ఇప్పటిదాకా కనబడలేదు. నీళ్లు అంచుకి పారుతూ చల్లారి సరిగ్గా ఆ గీత దగ్గరికి వచ్చాక పసుపు రంగు మొదలవుతుంది. అది సినెకోకాకస్ అనే సయనోబాక్టీరియా, అంటే మొక్కల్లా ఎండతో ఆహారం చేసుకునే బాక్టీరియా. ఇంకా చల్లారితే నారింజ, ఆ తర్వాత ఎర్రమట్టి రంగు. వేడి తగ్గేకొద్దీ ఇంకా ఎక్కువ రకాల జీవులు వచ్చి చేరతాయి. ప్రతి రంగు ఒక పొలిమేర.

సయనోబాక్టీరియాకి సొంత రంగు ఆకుపచ్చే. ఎండాకాలం ఎండ మండుతుంటుంది కాబట్టి, అవి తమని కాపాడుకోవడానికి కెరోటినాయిడ్ అనే నారింజ రంగు పదార్థాన్ని తయారుచేసుకుంటాయి. చలికాలం ఎండ పలచబడ్డాక పచ్చదనం మళ్లీ పైకి వస్తుంది. అంటే ఈ బుగ్గ డిసెంబర్‌లో ఇంకో రంగులో ఉంటుంది. మేం వెళ్లింది మధ్యకాలం. ఇదంతా చెబుతుంటే పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా ఆగి విన్నారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ పొర మందం ఎక్కువేమీ ఉండదు. కానీ అడ్డంగా కోసి చూస్తే లోపల అంతస్తులుంటాయి. పైన పలచటి పచ్చ పొర. అక్కడ సయనోబాక్టీరియా ఎండతో ఆహారం తయారుచేస్తాయి. దాని కింద నారింజ పొరలో క్లోరోఫ్లెక్సస్ లాంటి బాక్టీరియా, పైవాటికి పనికిరాని వెలుగుతో, పైవాటి నుంచి కారిన పదార్థాలతో బతుకుతాయి. ఒకరి మిగులు ఇంకొకరి బతుకు.

కిందికి దిగి చెక్కదారి మీద ఇంకో చుట్టు వేస్తుంటే గాలి ఒక్కసారిగా వచ్చి తమ్ముడి టోపీ ఎగరగొట్టింది. నారింజ పొర మీద ఏడెనిమిది అడుగుల దూరంలో పడింది. వాడు గబుక్కున ఒంగి ఒక కాలు కిందికి జాపాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఎంత గట్టిగా లాగానంటే గుండీ ఒకటి ఊడింది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. అరంగుళం నీళ్లే కదా అనిపిస్తుంది, కానీ ఆ పొర మీద వేసిన అడుగు ఏళ్లతరబడి కనబడుతుంది. మనిషి ప్రాణం సంగతి సరే, ఆ పొరకీ ప్రాణం ఉంది. దూరంగా ఇంకో రెండు టోపీలు అప్పటికే పడి ఉన్నాయి, వాటిచుట్టూ నీళ్లు దారి మళ్లి రంగు మారింది. రేంజర్ ఒకాయన కనబడితే చెప్పాం. పొడవాటి కర్ర కొక్కెంతో తియ్యగలిగినప్పుడు తీస్తామన్నాడు.

రాత్రి పడుకునే ముందు తమ్ముడు అన్నాడు, "కాలు పెట్టేసేవాణ్ణి అక్కా."

"తెలుసురా. పడుకో."

మూడో రోజు

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ గురించి పెద్దగా రాయను. గంటన్నరకోసారి పైకి లేస్తుంది, మేం చూసినప్పుడూ లేచింది, జనం చప్పట్లు కొట్టారు. నాకు ఆ పక్కనున్న చిన్న బుగ్గల మీదే ధ్యాస. సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉన్నాం కాబట్టి ఇక్కడ నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. ఆ మరిగే బుగ్గల్లోకి బ్రాక్ దారం కట్టిన గాజు పలకలు వేలాడదీశాడు. కొన్ని రోజులాగి పైకి తీసి మైక్రోస్కోప్ కింద పెడితే, గాజుకి అతుక్కుని బాక్టీరియా పెరుగుతూ కనబడ్డాయి. అంతకుముందు ఆక్టోపస్ స్ప్రింగ్ అనే బుగ్గ కాలువలో గులాబీ రంగు పీచు ఊగుతుండటం చూశాడు. అక్కడి నీరు 82 నుంచి 88 డిగ్రీలు. అంత వేడిలో అలా గుట్టలుగా పెరిగే ప్రాణం ఉంటుందని అప్పటికి ఎవరూ అనుకోలేదు. ఆ గులాబీ పీచుని ల్యాబ్‌లో పెంచడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1998లో దానికి థర్మోక్రినిస్ రూబర్ అని పేరు వచ్చింది.

బెంచీ మీద కూర్చున్నప్పుడు తమ్ముడు అసలు ప్రశ్న వేశాడు. "మరి మన ఒంట్లోది ఉడికిపోతుంది, వాటిది ఎందుకు ఉడకదు?"

ప్రొటీన్ అంటే ఒక పద్ధతిగా మడతపెట్టిన దారం. మడత సరిగ్గా ఉంటేనే పని చేస్తుంది. వేడి చేస్తే దారం అల్లాడి మడతలు విడిపోతాయి. వేడి జీవుల ప్రొటీన్లు కూడా అవే ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో తయారైనవే, వేరే లోకపు సరుకేమీ కాదు. కానీ మడతల మధ్య ఖాళీలు తక్కువ, ధన రుణ విద్యుదావేశాల కట్లు ఎక్కువ. మూటని ఇంకో నాలుగు ముళ్లు వేసి బిగించినట్టు. అందుకే టాక్ 95 డిగ్రీల దగ్గర కూడా దాదాపు 40 నిమిషాలకి గానీ సగం బలం కోల్పోదు. మడత జారిన ప్రొటీన్లని మళ్లీ సర్దే సహాయక ప్రొటీన్లు కూడా ఈ జీవుల్లో దండిగా ఉంటాయి. 80 డిగ్రీలు దాటి పెరిగేవాటిలో డీఎన్‌ఏకి అదనపు మెలిక వేసే రివర్స్ గైరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఇక కణం చుట్టూ ఉండే పొర. మనది రెండు పలకల కొవ్వు, బొంతలా రెండు గుడ్డలు కలిపి కుట్టినట్టు. చూడ్డానికి బాక్టీరియాలా ఉన్నా వాటికి వేరైన ఆర్కియా అనే సూక్ష్మజీవుల వర్గంలోని వేడి జీవుల్లో చాలావాటికి లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా ఒకటే అణువు. రెండు పలకలే లేనప్పుడు విడిపోవడానికి ఏముంది?

"అయితే వంద దాటితే?"

ఇక్కడ నేను ల్యాబ్ మనిషిగా నమ్మిన ఒక లెక్క తలకిందులైంది. ఆటోక్లేవ్ అంటే ఆవిరి ఒత్తిడితో పరికరాలని శుభ్రం చేసే డబ్బా. 121 డిగ్రీలు, పదిహేను ఇరవై నిమిషాలు, ఇక ఏ ప్రాణీ మిగలదు. అది సరిగ్గా పని చేస్తోందో లేదో చూడ్డానికి జియోబాసిల్లస్ అనే మొండి బాక్టీరియా స్పోర్లున్న పట్టీ లోపల పెడతాం. అవి చస్తే అన్నీ చచ్చినట్టే. అలాంటిది 2003లో, పసిఫిక్ సముద్రం అడుగున వేడినీటి చిమ్నీ దగ్గర దొరికిన ఒక ఆర్కియాని ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల్లో ఒక రోజంతా ఉంచితే, అది చావకపోగా సంఖ్య రెట్టింపు చేసుకుంది. పేరే స్ట్రెయిన్ 121 అయింది. 130 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెరగకుండా ఉండి, కొంచెం చల్లార్చగానే మళ్లీ పెరగడం మొదలెట్టింది. ఆ 130 దగ్గర ఉన్నది తట్టుకోవడం. 121 దగ్గర ఉన్నది కాపురం. 2008లో హిందూ మహాసముద్రం అడుగు నుంచి తెచ్చిన మెథనోపైరస్ కాండ్లెరి అనే జీవిని జపాన్ శాస్త్రవేత్తలు విపరీతమైన ఒత్తిడి కింద 122 డిగ్రీల్లో పెంచారు. ఆ లోతులో ఒత్తిడి వల్ల నీళ్లు ఆవిరి కావు, ద్రవంగానే ఉంటాయి. నీరు ద్రవంగా ఉన్నంతవరకూ జీవం పైకి ఎక్కుతూ వచ్చింది. మాకు దీనివల్ల టెన్షన్ ఏమీ లేదు, అలాంటి జీవి మన ఒంటి వేడికి అసలు పెరగదు.

తమ్ముడు టార్డిగ్రేడ్ మాట తెచ్చాడు. నీటి ఎలుగుబంటి అని పిలిచే ఆ చిన్న ప్రాణి దేనికీ చావదని చాలామంది నమ్మకం. నిజానికి నీళ్లలో చురుగ్గా ఉన్నప్పుడు దానికి వేడి పడదు. 2020లో డెన్మార్క్ పరిశోధకులు ఒక జాతిని 37 డిగ్రీల నీటిలో ఒక రోజు ఉంచితే సగం చచ్చాయి. ఎండి ముడుచుకున్నప్పుడు మాత్రం గంటసేపు 80 డిగ్రీలు దాటినా తట్టుకోగలవు. మొత్తంమీద జంతువులు 50 డిగ్రీల దగ్గర, మనలా కణంలో కేంద్రకం ఉన్న ఏ జీవైనా 60 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. సహారా వెండి చీమ ఒంటి వేడి 53 డిగ్రీలు దాటితే బతకదు. అది కూడా మిట్టమధ్యాహ్నం కొద్ది నిమిషాలే బయట తిరిగి పుట్టలోకి పరిగెడుతుంది.

తిరిగి నడుస్తుంటే ఆవిరి వచ్చే నేల పక్కనే గడ్డి మొలిచి ఉంది. ఆ చూసిన గడ్డి అదేనో కాదో గానీ, ఇక్కడి వేడి నేలల్లో పెరిగే పానిక్ గడ్డి కథ నాకు చాలా ఇష్టం. వేళ్ల దగ్గర మట్టి 65 డిగ్రీలున్నా అది బతుకుతుంది. కారణం దాని లోపల ఉండే ఒక శిలీంధ్రం. వేరుచేస్తే గడ్డి, శిలీంధ్రం రెండూ 38 డిగ్రీలు దాటాక నిలవలేవు. కలిసి ఉంటే నిలుస్తాయి. అంతటితో అయిపోలేదు. 2007లో తేలిందేమిటంటే, ఆ శిలీంధ్రం లోపల ఒక వైరస్ ఉండాలి. వైరస్ తీసేస్తే గడ్డి వాడిపోయింది, మళ్లీ ఎక్కిస్తే కోలుకుంది. జబ్బు చేసే వైరస్‌ల కోసమే రోజూ వెతికే నాకు ఈ వైరస్ మీద ప్రేమ కలిగింది.

చివరగా మార్నింగ్ గ్లోరీ పూల్. ఒకప్పుడు ఇది నిండా నీలం. జనం దశాబ్దాల పాటు నాణేలు, రాళ్లు, చేతిరుమాళ్లు విసిరారు. 1950లో నీళ్లు తోడి గుట్టలుగా బయటికి తీశారు. కిందినుంచి వేడినీళ్లు వచ్చే దారి మూసుకుపోతూ వచ్చి నీరు చల్లారింది. అంచున ఉండాల్సిన పసుపు, నారింజ రంగు జీవులు లోపలికి పాకాయి. ఇప్పుడు మధ్యలో పచ్చ, చుట్టూ నారింజ. అందంగా ఉందని అందరూ ఫొటోలు తీస్తున్నారు. నేను తియ్యలేదు. ఆ రంగు ఏం చెబుతోందో తెలిశాక చెయ్యి రాలేదు.

నాలుగో రోజు

నోరిస్ గీజర్ బేసిన్. కారు దిగగానే గంధకం వాసన గొంతులోకి దిగింది. పార్కులో అన్నిటికంటే వేడి చోటు ఇదే. పరిశోధన కోసం తవ్విన బావిలో 326 మీటర్ల లోతున 237 డిగ్రీలు కొలిచారు. వేడికి తోడు ఇక్కడి బుగ్గల్లో చాలావాటిలో ఆమ్లం.

పోర్సెలిన్ బేసిన్‌లోకి దిగితే పాలరంగు నేల, నీలి గుంటలు, మధ్యలో ఎవరో రంగు ఒలకబోసినట్టు కాలువలు. విర్లిగిగ్ గీజర్ కాలువ దగ్గర అరగంట నిలబడ్డాను. ఒక చార ఇనుప తుప్పు రంగు, దాన్ని ఆనుకునే నిమ్మపచ్చ చార. ఆ పచ్చ సయనీడియం జాతి నాచు. కణంలో కేంద్రకం ఉన్న జీవి, అయినా ఆమ్లంలో 56 డిగ్రీల దాకా పెరుగుతుంది. నిన్న చెప్పిన 60 గీతకి కేంద్రకం ఉన్న జీవి ఎంత దగ్గరగా వెళ్లిందో కళ్లముందే కనబడింది. ఇంత ఆమ్లంలో సయనోబాక్టీరియా బతకలేవు. అందుకే మొన్నటి రంగులేవీ ఇక్కడ లేవు.

ఇలాంటి బుగ్గల నుంచే బ్రాక్ బృందం 1972లో సల్ఫోలోబస్ అనే సూక్ష్మజీవిని లోకానికి చూపించింది. 75, 80 డిగ్రీల వేడి, చర్మాన్ని కాల్చే ఆమ్లం, రెండూ దానికి కావాలి. గంధకాన్ని కాల్చుకుని శక్తి తీసుకుంటుంది. బయట ఎంత ఆమ్లమున్నా కణం లోపల మాత్రం దాదాపు మామూలు నీటిలా ఉంచుకుంటుంది. లోపలికి చొరబడే ఆమ్లాన్ని రాత్రింబవళ్లు బయటికి తోడుతూనే ఉంటుంది. అప్పట్లో దాన్ని బాక్టీరియా అనుకున్నారు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ జన్యువుల ఆధారంగా ఆర్కియా అనే కొత్త వర్గాన్ని గుర్తించాక అసలు బంధుత్వం తెలిసింది. వంశవృక్షంలో సల్ఫోలోబస్ బాక్టీరియాకంటే మనకే దగ్గర. తమ్ముడు ఆ మాట నమ్మలేదు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ సల్ఫోలోబస్‌కి కూడా జబ్బు చేసే వైరస్‌లున్నాయి, ఆ మరిగే ఆమ్లంలోనే.

మధ్యాహ్నం వాన, తర్వాత సన్నగా మంచు. దారి పక్కన ఒక బైసన్ వెచ్చటి నేల చూసుకుని పడుకుంది. 23 మీటర్ల దూరం ఉండాలని నియమం, మేం ఇంకా ఎక్కువే ఉన్నాం. స్టీమ్‌బోట్ గీజర్ 91 మీటర్ల ఎత్తు దాకా చిమ్మగలదని చదివాను, ఆ రోజు ఆవిరి తప్ప ఏమీ లేదు. తడిసిపోయి తిరిగొచ్చాం.

అయిదో రోజు

ఉత్తరాన మామత్ హాట్ స్ప్రింగ్స్. సున్నపురాయి కరిగిన నీళ్లు పైకొచ్చి, గాలి తగిలి, మెట్లు మెట్లుగా పేరుకున్న తెల్లటి కొండ. ఇక్కడ నీటి దారి తరచూ మారుతుంది. నీళ్లు వదిలేసిన మెట్లు బూడిద రంగులో పొడిపొడిగా ఉన్నాయి. రంగులన్నీ నీళ్లతోనే వెళ్లిపోయాయి. వేడి పోయిన చోట ఆ జీవులకి బతుకు లేదని ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడలేదు.

చెక్కదారి వెంట ఎగువకి వెళ్తుంటే ఒకచోట నీళ్లు ఇప్పుడిప్పుడే కొత్త దారి చేసుకున్నట్టున్నాయి. ఎండిన పాత మెట్టు మీదినుంచి సన్నటి ధార జోరుగా పారుతోంది. ఊట దగ్గర ఇక్కడి నీళ్లు 73 డిగ్రీల దాకా ఉంటాయి. ధార మొదట్లో లేత పసుపు తెలుపు కలిసిన పీచు, ప్రవాహం వైపే దువ్వినట్టు అల్లాడుతోంది. ఇలాంటి చోట్ల పీచుగా పెరిగేది ఎక్కువగా సల్ఫురిహైడ్రోజెనిబియం అనే బాక్టీరియా. దానికి ఎండతో పనిలేదు, గంధకం ఉంటే చాలు. జోరుగా పారే నీళ్లలోనే గట్టిగా అతుక్కుంటుంది. ఆ పీచు మీదే సున్నం పేరుకుని మెల్లగా రాయి అవుతుంది.

తమ్ముడు గడియారం చూశాడు. సాయంత్రానికి గార్డినర్ గేటు దాటాలి.

"అక్కా, వెళ్దామా?"

"అయిదు నిమిషాలు ఉండు."

వాడు వచ్చి పక్కన కటకటాల మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. కొత్త టోపీని ఒక చేత్తో నెత్తిమీద నొక్కి పట్టుకున్నాడు. కింద ఆ పీచు ఊగుతూనే ఉంది.